ప్రశ్నల పెట్టె: రాయడానికి విషయం దొరకని గురువారాల కోసం

డిసెంబరు, మొదటి శనివారం

మద్రాసు పెరంబూరులో, ఐసీఎఫ్, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీ, చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల కోసం నేను వారానికో పేజీ రాస్తుంటాను. ఒక ఎ-4 కాగితం, రెండు వైపులా. శుక్రవారం సాయంత్రం జిరాక్స్ తీయించి గుడి దగ్గర కొన్ని, కిరాణా కొట్లో కొన్ని పెడతాను. అందనివాళ్లకి ఫోన్లో ఫొటో పంపుతాను. మద్రాసులో మనవాళ్ల బతుకులు, పాత సంగతులు, తిండి, పండగలు, ఏదైనా సరే. కొన్నేళ్లు చకచకా సాగిపోయింది. ఈమధ్య గురువారం రాత్రి వచ్చేసరికి పెన్ను కదలడం లేదు. ఓపిక ఉంది, చదివేవాళ్లున్నారు, విషయమే లేదు.

అందుకని సంక్రాంతిలోపు ఒక పెట్టె తయారు చేద్దామని కూర్చున్నాను. అందులో కార్డులుంటాయి. ఏ గురువారమైనా చెయ్యి పెట్టి ఒకటి తీస్తే అరగంటలో మొదటి పేరా పడాలి. అదే పరీక్ష. పడకపోతే ఆ కార్డు పనికిరానట్టే.

మంచి ఆలోచన దానంతటదే రావాలి, పట్టుబట్టి రాయకూడదు అనేవాళ్లు నాకూ తెలుసు. వాళ్లకి జిరాక్స్ షాపు ఎన్నింటికి మూస్తారో తెలియదు.

ఆదివారం

పెట్టె పని. ఏదీ కొనకూడదని ముందే అనుకున్నాను. బీరువా అడుగున పెళ్లిళ్ల సీజను తాలూకు శుభలేఖలు కట్టలుగా పడున్నాయి. పాత లైబ్రరీల్లో సొరుగుల నిండా ఉండేవే, 5 అంగుళాలు పొడవు 3 అంగుళాలు వెడల్పు ఉన్న కార్డులు, ఆ కొలతకే కత్తిరించాను. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాస్తారు కాబట్టి అంచులు తీసెయ్యక తప్పదు. ఇంకో చిక్కు, ఈ రోజుల్లో కార్డులన్నీ నున్నగా మెరుస్తుంటాయి, బాల్ పెన్ను జారిపోతుంది, సిరా పెన్నైతే గంటైనా ఆరదు. గరుకు కాగితం మీద అచ్చేసినవే ఏరుకున్నాను. ఖరీదైన పెళ్లిళ్ల కార్డులు ఒక్కటీ పనికిరాలేదు. మధ్యలో అడ్డుగా పెట్టే అట్టముక్కలు పోయినేటి డైలీ క్యాలెండర్ వెనక అట్ట నుంచి వచ్చాయి.

ముందు చెప్పుల పెట్టెలో సర్దాను. అత్తయ్య చూసింది.

"ఏందమ్మే, సరస్వతిని తీసుకపోయి చెప్పుల పెట్టెలో పెడతావా?"

దానికి జవాబు లేదు. ఆవిడే అటక మీంచి పాత బిస్కెట్ల రేకు డబ్బా తీయించి ఇచ్చింది. మూత కొంచెం బిగుతు. కార్డులు నిలువుగా సరిగ్గా పట్టాయి.

మంగళవారం

డబ్బా నింపడం మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు తోచిందల్లా రాసిపడేశాను. పానగల్ పార్కు. కొత్వాల్ చావడి. బకింగ్‌హామ్ కాలువ. పొట్టి శ్రీరాములు స్మారకం. వాహినీ స్టూడియో. నాగేశ్వరరావు పార్కు. ఇస్త్రీ బండి. కొళాయి నీళ్లు. చూస్తుండగానే కార్డులు బోలెడయ్యాయి. విషయాలకి కరువేమీ లేదని బాగా ఉత్సాహం వచ్చింది.

గురువారం రాత్రి

మొదటి పరీక్ష. పానగల్ పార్కు కార్డు వచ్చింది. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, ఆయన పేరు పార్కుకి పెట్టారు. ఆ పార్కున్న టి.నగర్‌కి జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే.

అయిపోయింది. తర్వాత ఏం రాయాలి? అరగంట కూర్చున్నా ఇంకో వాక్యం పడలేదు. పార్కు గేటు పక్కన రాతిపలక మీద చెక్కడానికి సరిపోతుందేమో గానీ పేజీ అవ్వదు. మిగతా కార్డులు కూడా తీసి చూశాను. అన్నింటి మీదా పేరు ఉంది, చెయ్యాల్సిన పని మాత్రం దేని మీదా లేదు. నాకు తెలిసిందే నాకు నేను చెప్పుకోవడం తప్ప ఆ కార్డు నన్ను ఎక్కడికీ కదిలించడం లేదు.

ఆ వారం పేజీ ధనుర్మాసం ముగ్గుల మీద వెళ్లింది. పోయినేడు కూడా ముగ్గుల మీదే రాశాను.

శనివారం, ఎగ్మూరు

పాంథియన్ రోడ్డులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లాను. 1896లో తెరిచిన గ్రంథాలయం. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. పుస్తకాలు చూస్తే విషయాలు తడతాయని ఆశ. అన్ని పుస్తకాల మధ్య నిలబడితే నిజానికి జరిగేది తలకిందులు: దీని మీద ఎవరో రాసేశారు, దాని మీదా రాసేశారు అనిపించడం మొదలవుతుంది. మధ్యాహ్నానికే బయటపడ్డాను.

రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడు లైబ్రరీ సైన్స్ చదివినవాడు, తిరుపతిలో ఉంటాడు.

"మీ ఊళ్లోనే రంగనాథన్ గారున్నారు కదే, ఆయన్ని అడక్కుండా నన్నడుగుతావేంటి?" అన్నాడు.

ఎస్.ఆర్.రంగనాథన్ ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా తీసుకుని, పని నేర్చుకోమని లండన్ పంపింది. అక్కడ ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే ఆటబొమ్మల సెట్టు చూశారట. అవే ఇనప పట్టీలు, అవే బోల్టులు, ఒకసారి క్రేను అవుతుంది, విప్పి బిగిస్తే బండి అవుతుంది. పుస్తకాల విషయాల్ని కూడా ముక్కలుగా విడదీసి ఎలా కావాలంటే అలా కలపొచ్చు కదా అని అక్కడ తట్టిందంటారు. దాంట్లోంచి 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. ఏ విషయాన్నైనా ఐదు ముఖాలుగా చూడొచ్చన్నది ఆ పద్ధతిలో తర్వాత స్థిరపడిన సూత్రం: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం.

అన్నయ్య దాన్ని నాకు అర్థమయ్యేలా విప్పాడు. "అసలు వస్తువేంటి? దేంతో తయారైంది, దేంతో నడుస్తుంది? అక్కడ జరిగే పనేంటి? ఎక్కడ? ఎప్పుడు? నీ కార్డుల మీద మొదటిదొక్కటే ఉంది. మిగతా నాలుగూ వేసి చూడు."

ఆదివారం

వేసి చూశాను. ఇస్త్రీ బండి కార్డు తీసుకున్నాను.

వస్తువు: ఇస్త్రీ బండి. పదార్థం: బొగ్గు, ఈమధ్య గ్యాస్. పని: ఇస్త్రీ, దాంతోపాటు బట్టలు తేవడం, ఇవ్వడం, ఎవరి చొక్కా ఎవరిదో గుర్తుంచుకోవడం. స్థలం: మా వీధి చివర వేపచెట్టు కింద. కాలం: పొద్దున్న ఏడు నుంచి, పొంగల్ ముందు వారమైతే రాత్రి దాకా.

ఐదు గళ్లు నింపేసరికి తేడా కనిపించింది. రెండో గడిలో బొగ్గు, గ్యాస్ రెండూ పడ్డాయి. మార్పు ఎక్కడ ఉందో అక్కడే అడగాల్సిందేదో ఉంది. బొగ్గు పెట్టె పోయి గ్యాస్ పెట్టె వచ్చాక ఆ మనిషికి ఏం మారింది? నాకు తెలియదు. తెలిసినవాడు వీధి చివర ఉన్నాడు.

పెద్దాయన వాళ్ల తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మాట్లాడతాడు, చదవడం తమిళమే వచ్చు. మూడు చీరలు పట్టుకెళ్లాను, ఊరికే నిలబడి అడిగితే బాగుండదని.

"బొగ్గు పెట్టె అంటే బరువమ్మా. ఆ బరువే సగం పని చేస్తాది. నేను ఊరికే తోస్తే చాలు. ఈ గ్యాస్‌ది తేలిక, నేను నొక్కాల."

"అయితే పాతదే నయమా?"

"ఎట్ట నయం? పొద్దున్నే లేసి రాజెయ్యాల. వానొస్తే బొగ్గు చెమ్మ పట్టి ఒకటే పొగ. తెల్లచొక్కా మీద నిప్పురవ్వ పడితే ఆ నెల కూలి పోయినట్టే. ఇప్పుడా భయం లే." పెట్టె పక్కన పెట్టి కుడి భుజం మీద ఎడమ చెయ్యేసి నొక్కుకున్నాడు. "దీన్నడిగితే మాత్రం బొగ్గే నయమంటాది."

కొబ్బరిచిప్పల బొగ్గు వాడేవాడట, అది నిదానంగా కాలుతుందని. బొగ్గు ఎక్కడ కొనేవాడివని అడిగాను. రైల్వే గేటు అవతల బొగ్గుల కొట్టుండేది, ఇప్పుడు అదే కొట్లో అదే మనిషి వాటర్ క్యాన్లు అమ్ముతున్నాడని చెప్పాడు.

ఇంటికొచ్చి రెండు కార్డులు రాశాను. ఒకటి పూర్తయిన ఇస్త్రీ బండిది. రెండోది కొత్తది:

ప్రశ్న: బొగ్గులమ్మిన మనిషి నీళ్లమ్మడం ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎందుకు?
ఎవరిని: గేటు అవతల క్యాన్ల కొట్టాయన. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటాడు.

ఈ రెండో కార్డు చూశాక ప్రాజెక్టు మారిపోయింది. ఇకనుంచి ప్రతి కార్డు మీదా రెండు గీతలు. పైన నాకు జవాబు తెలియని ఒక్క ప్రశ్న. కింద దాన్ని ఎవరిని అడగాలో. రెండూ లేని కార్డు డబ్బాలోకి పోదు. రంగనాథన్ గారి ఐదు గళ్లు కార్డు మీద ఉండక్కర్లేదు, ప్రశ్న దొరకనప్పుడు చిత్తుకాగితం మీద వేసుకుంటే చాలు. ఐదింట్లో ఏ గడిలో రెండు జవాబులు పడితే అక్కడ ఆగి చూడాలి.

20వ తేదీ

జీఎస్‌టీ రిటర్నుల గడువు. ఆఫీసులో ఒకటే టెన్షన్, డబ్బా ముట్టుకోలేదు. అయినా పేజీ టైముకి వెళ్లింది, ఇస్త్రీ బండి మీద. చదివినవాళ్లలో ఒకాయన తన బొగ్గు పెట్టె అటక మీదుంది, కావాలంటే తీసుకెళ్లమన్నాడు. వద్దన్నాను.

మరో ఆదివారం, ఫోన్లో ఫొటోలు

చందమామ చదివి పెరిగినవాళ్లకి ఫొటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది. ప్రతి నెలా రెండు ఫొటోలు వేసేవారు, రెండింటికీ కుదిరేలా పాఠకులు వ్యాఖ్యలు రాసి పంపాలి. ఆ పత్రిక 1947 జూలైలో ఈ ఊళ్లోనే పుట్టింది. ఆ పద్ధతి నా ఫోన్లోని ఫొటోల మీద వేసి చూశాను: వ్యాఖ్యకి బదులు ఒక్కో ఫొటోకి ఒక ప్రశ్న.

చాలావరకు దండగ. పుట్టినరోజు కేకులు, పార్కింగ్ రసీదులు, ఆధార్ కార్డు. ఒక్క ఫొటో దగ్గర ఆగాను. 2019 వేసవిది. మా వీధి కొళాయి దగ్గర ప్లాస్టిక్ బిందెల వరస, ఎరుపు, పచ్చ, నీలం. ప్రతి బిందె మీదా పెయింటుతో ఇంటి నంబరు. మనుషులు లేరు. నీళ్లూ లేవు. ఆ ఏడాది చెరువులన్నీ అడుగంటి, జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి నీళ్ల రైలు వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. విల్లివాక్కం అంటే మాకు పక్కనే. మా అబ్బాయి చూసొస్తానని గొడవ చేశాడు.

నా దగ్గర కొళాయి నీళ్లు అని పేరొక్కటే రాసిన పాత కార్డు ఎలాగూ ఉంది. దానికి ప్రశ్న రాశాను: ఇవాళ మా కొళాయిలో వచ్చే బిందెడు నీళ్లలో కృష్ణ ఎంత, వాన ఎంత, సముద్రం ఎంత?

సోమవారం, మంగళవారం

నీళ్ల కార్డు మీద పని. ఇంతవరకు ఇంత పట్టుగా లాగిన ప్రశ్న ఇంకోటి రాలేదు.

కాగితం మీద లెక్క ఇదీ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణా నీళ్లలో తలా 5 టీఎంసీలు మద్రాసుకి వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. మొత్తం 15. దారిలో ఆవిరి కింద 3 పోతే హద్దు దగ్గర 12. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాలువ ఒప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం వెనక పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరిన నీళ్లు వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు జలాశయాలు దాటుకుని, 152 కిలోమీటర్ల కాలువ పట్టుకుని ఊత్తుక్కోట దగ్గర తమిళనాట అడుగుపెడతాయి. ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి చెరువు. మొదటిసారి హద్దు దాటింది 1996లో. పూండి నుంచి పుళల్ చెరువుకి, అంటే రెడ్ హిల్స్‌కి. అక్కణ్ణించి శుద్ధయి మా వైపుకి. వాన నీళ్లు కూడా ఆ చెరువుల్లోనే పడతాయి. పైగా ఉత్తరం వైపు మీంజూరు దగ్గర సముద్రపు నీళ్లు మంచినీళ్లుగా మార్చే ప్లాంటు 2010లో మొదలైంది, రోజుకి 10 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం.

ఇదంతా ఎవరైనా రాయగలరు. కార్డు మీద రెండో గీత ఉంది కదా: ఎవరిని? నేను రాసిపెట్టుకున్న పేరు అత్తయ్యది. ఆవిడ పుట్టిల్లు రాపూరు దగ్గర. కండలేరు జలాశయం ఆ మండలంలోనే ఉంది.

"కండలేరు నీళ్లు మనకొస్తాయని తెలుసా అత్తయ్యా?"

"తెలీకేం. నేను కాపరానికొచ్చినప్పుడు ఇక్కడి నీళ్లు ఉప్పగా ఉంటే ఏడ్చినాను. మా నాయన నెలకోసారి రైల్లో రెండు క్యాన్లు మా బావి నీళ్లు పంపించేవోడు. ఆ తర్వాత కాలవొచ్చె." కాసేపు ఆగి, "మా చేను కూడా కొంచెం పోయింది కాలవ కింద. పరిహారం ఇచ్చినార్లే," అంది.

ఇన్నేళ్లు ఒకే వంటింట్లో ఉన్నాం, ఈ సంగతి నాకు తెలియదు. అడక్కపోతే ఆవిడకీ చెప్పే సందర్భం రాదు.

వెంటనే వాళ్ల తమ్ముడికి ఫోన్ కలిపింది. ఆయన ఇప్పటికీ అక్కడే వ్యవసాయం. గేట్లెత్తితే హద్దు చేరడానికి ఎన్ని రోజులని అడిగాను. "నాలుగైదు రోజులంటారమ్మా. పంటలున్న కాలమైతే గట్టు మీద మోటార్లుంటాయి, ఇంకొంచెం ఆలీసం," అని నవ్వాడు. ఫోన్ అత్తయ్య లాక్కుని, "మీరు తోడుకోంగా మిగిలినయ్యేరా నేను తాగేది," అంది. ఆ తర్వాత అరగంట ఆ ఇద్దరూ ఎవరి పెళ్లో మాట్లాడుకున్నారు.

బిందెలో కృష్ణ ఎంత అన్నదానికి నాకు అంకె దొరకలేదు. నీళ్లు కలిశాక విడదీసే లెక్క ఎవరి దగ్గరా ఉండదు. కానీ పేజీకి రెండు వైపులూ చాలలేదు, మొదటిసారి అక్షరాలు చిన్నవి చేయించాల్సి వచ్చింది.

బుధవారం

ఒక పక్క ప్రయోగం. నడకలోనో ప్రయాణంలోనో ఆలోచనలు వస్తాయంటారు కదా, ఫోన్ ఇంట్లో పెట్టి 29సి బస్సెక్కి పెరంబూరు నుంచి బెసంట్ నగర్ దాకా వెళ్లొచ్చాను. ఫ్రెంచి గణితవేత్త ప్వాంకరేకి బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా పెద్ద చిక్కుముడి విడిపోయిందన్నది ప్రసిద్ధమైన కథే, ఆయనే చెప్పుకున్నాడు. 1926లో గ్రాహం వాలస్ అనే ఆయన ఇలాంటివి పోగేసి ఆలోచనకి నాలుగు దశలు కట్టాడు: సిద్ధపడటం, పక్కనపెట్టి మగ్గనివ్వడం, తట్టడం, సరిచూసుకోవడం.

నాకు రాయపేట దాటేదాకా సీటే దొరకలేదు. ఆలోచనా రాలేదు. ప్వాంకరే కథ చెప్పేవాళ్లు బస్సు గురించే చెప్తారు, ఆ బస్సెక్కే ముందు ఆయన ఆ లెక్కతో రోజుల తరబడి కుస్తీ పట్టిన సంగతి దాటేస్తారు. ఖాళీ బుర్రతో బస్సెక్కితే దిగేటప్పుడూ ఖాళీయే. వచ్చేటప్పుడు మాత్రం ఒక కార్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాను, పాత బకింగ్‌హామ్ కాలువది. మైలాపూరు వైపు పైన రైలు పోతుంటే కింద ఆ మురికినీళ్లు కనిపించాయి. పడవల మీద ఆంధ్ర నుంచి ఇక్కడికి కట్టెలు, ధాన్యం వచ్చిన కాలువ. అప్పుడు తట్టింది: ఆ పడవలు ఆగిపోయాక పడవవాళ్లు ఏ పనిలో చేరారు? ఎవరిని అన్న గీత ఇంకా ఖాళీ. అందుకని ఆ కార్డు డబ్బా బయటే ఉంది.

డిసెంబరు చివరి వారం, వద్దు కార్డు

డబ్బాలో అన్నిటికన్నా ముందు ఎర్ర సిరాతో ఒక కార్డు పెట్టాను. దాని మీద నేను రాయకూడనివి: త్యాగరాజు, చెన్నపట్నం పేరెలా వచ్చింది, మదరాసు మనదే ఉద్యమం, కోడంబాక్కం సినిమా రోజులు, ఫిల్టర్ కాఫీ. ఇవేవీ చిన్న సంగతులు కావు. పొట్టి శ్రీరాములు 1952లో ప్రాణం వదిలింది మైలాపూరులో, డిసెంబరు 15న. ఆయన్ని తలుచుకోకుండా ఉండాలని కాదు. ఏమీ తోచనప్పుడల్లా చెయ్యి వీటి మీదికే పోతుంది, అన్నీ మా వాళ్లకి కంఠతా వచ్చేశాయి. మా పక్కింటావిడైతే మొదటి వాక్యం చూసి మిగతాది తనే చెప్పేస్తుంది.

కార్డు పెట్టిన మూడోనాడే నియమం సడలింది. పై అంతస్తు తమిళమ్మాయి కచేరీల సీజను కదా అని పాట ప్రాక్టీసు గట్టిగా చేస్తోంది. నోటుబుక్కు పట్టుకుని కిందికొచ్చింది, "ఆంటీ, ఈ మాట పలికేది కరెక్టేనా?" అంటూ. త్యాగరాజ కృతి. తమిళ లిపిలో రాసుంది. అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి, ఆ అక్షరం పక్కన 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. భక్తి అన్న మాటలో ప పక్కన 4 ఉంది. అచ్చు పుస్తకాల్లోనూ ఇదే పద్ధతి. ఆ పిల్ల భ పలికేటప్పుడు కనుబొమలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, నాలుగో నంబరు పలికినట్టే పలికింది. మా అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, వాడు భక్తిని బక్తి అంటాడు.

వద్దు జాబితాలో ఉన్నా దీనికి కార్డు రాశాను. ప్రశ్న: తెలుగు రాని గాయకులు అర్థం ఎవరి దగ్గర తెలుసుకుంటారు, అంకెల్లో తప్పు పడితే ఎవరు దిద్దుతారు? ఎవరిని: ఆ పిల్ల పాట టీచరు. కాబట్టి ఎర్ర కార్డు కింద ఒక వాక్యం చేర్చాను: కొత్త ప్రశ్న ఉంటే లోపలికి రావచ్చు. మొత్తం త్యాగరాజు వద్దు గానీ భ పక్కన 4 అంకె ఫర్వాలేదు.

జనవరి, భోగి ముందురోజు

డబ్బా ఖాళీ చేసి నేల మీద పరిచాను. పాత పేర్ల కార్డుల్లో కొన్ని బాగుపడ్డాయి. కొత్వాల్ చావడి కార్డు ఇప్పుడు ఇలా ఉంది: 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి మారాక, పెరంబూరు బండ్లవాళ్లు తెల్లవారుజామున సరుకు ఎలా తెచ్చుకునేవాళ్లు? ఎవరిని: కూరలమ్మే నాగమ్మత్త, ఆవిడ అంతకుముందు నుంచీ ఉంది. పానగల్ పార్కు మాత్రం ఎన్ని గళ్లు వేసినా లేవలేదు. తీసి పక్కన పెట్టాను. అత్తయ్య, "భోగిమంటలోకా?" అంది. ఊరు ఇప్పటికే పొగతో నిండిపోతోంది, చెత్తబుట్ట చాలన్నాను.

ఇలా పరిచినప్పుడు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. కార్డులు విషయాలవారీగా సర్దుతూ వచ్చాను: తిండి, నీళ్లు, పనులు, పాట, సినిమా. కింది గీతల్లో మనుషుల్ని వరసగా చదివితే సగం మంది 75 దాటినవాళ్లు. క్యాలెండర్ అట్టలన్నీ తీసేసి మళ్లీ సర్దాను, ఈసారి అడగాల్సిన మనిషి వయసు బట్టి. అందరికన్నా పెద్దవాళ్లు ముందు. తిండి కార్డులు చాలావరకు వెనక్కి పోయాయి, అవి ఎప్పుడైనా అడగొచ్చు. ఇలా సర్దితే గురువారం గుడ్డిగా చెయ్యి పెట్టి తీయడం కుదరదు, ముందు నుంచి తీయాల్సిందే. ఫర్వాలేదు.

అన్నిటికన్నా ముందు ఇప్పుడు వడపళని కార్డు ఉంది. వాహినీ స్టూడియో ఉన్నచోట ఇవాళ షాపింగ్ మాలుంది, ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల సందుల్లో సినిమాలకీ నాటకాలకీ దుస్తులు అద్దెకిచ్చే కొట్లు ఇంకా మిగిలాయి. అందులో ఒకాయన చిన్నప్పటి నుంచీ పౌరాణికాలకి కిరీటాలు, భుజకీర్తులు చేసినవాడు, తెలుగు పరిశ్రమ హైదరాబాదు వెళ్లిపోయినా తను వెళ్లలేదు. తారల గురించి అడగను, అది వద్దు జాబితాలో ఉంది. కిరీటం అట్టతో చేసేవారా, రేకుతోనా? లోపల గుచ్చుకోకుండా ఏం కుట్టేవారు? చెమటకి రంగు దిగితే షాట్ మధ్యలో ఎవరు సరిచేసేవారు?

ఫోన్లో మాట్లాడాను. రికార్డింగ్ వద్దమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. కనుమ నాడు వస్తానన్నాను గానీ, కనుమ నాడు కాకి కూడా కదలదని అత్తయ్య అడ్డుపడింది. మళ్లీ ఫోన్ చేసి ముక్కనుమకి మార్చాను. ఆయన, "అదే మంచిది, కనుమ నాడు మా ఇంట్లో కూడా ఎవరూ ఊరుకోరు," అన్నారు. పదకొండింటికి రమ్మన్నారు.